అమ్మ ఎక్కితేగాని కదలని కారు

పోయిన వారం మురళీకృష్ణ మాస్టారిని రేకుల షెడ్డు ముందు, చేతిలో ఫోనుతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉన్నాడు. షెడ్డులో కారు కూడా అక్కడే ఉంది, ఐదు నెలలుగా. మొగల్తూరు నుంచి అక్క దుర్గాశ్రీ కబురు పంపింది. "ఆదివారం అమ్మ మాసికం కదా, శనివారం సాయంత్రానికి వస్తాను. ఆ కారు ఇంకా వాకిట్లో ఉంటే మాత్రం గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరిగిపోతాను." ఐదు నెలల్లో తమ్ముడికి ఆవిడ పంపిన మొదటి కబురు అదే. అదీ వాళ్ళాయన తాతాజీ నోటి వెంట.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం ఇంకో నాలుగు ముక్కలు. మురళీకృష్ణ పాలకొల్లుకి ఆరు మైళ్ళ అవతల హైస్కూల్లో తెలుగు మాస్టారు. నలభై మూడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు, తల్లి చిట్టెమ్మ గారితో ఉండేవాడు. ఒకరోజు పొద్దున్నే, పాలు పోసే వేళకి, ఆవిడ నోరు వంకరపోయింది, కుడిచెయ్యి పడిపోయింది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే ఎక్కడో దూరాన ఉందన్నారు. తల్లిని ఎత్తుకెళ్ళి కారు వెనక సీట్లో పడుకోబెట్టి తాళం తిప్పాడు. కారు స్టార్ట్ కాలేదు. ఎంత తిప్పినా కాలేదు. ఆటో దొరికేసరికి ఆవిడ లేదు. పదకొండో రోజున చుట్టాలందరి ముందూ దుర్గాశ్రీ ఒక్క మాట అంది. "స్టార్ట్ చెయ్యడం చేతకానివాడివి కారెందుకు కొన్నావురా, అమ్మని చంపడానికా?" అంతే, మాటలు ఆగిపోయాయి.

ఆ రోజు నుంచి మాస్టారు ఏడవలేదు. గుండె దిటవుతో కాదు, ఏడుపు రాక. కాఫీకీ మజ్జిగకీ తేడా తెలియడం లేదు. పిల్లలు "మాస్టారూ, ఈ పద్యం నిన్న చెప్పేశారండి" అంటే "అలాగా" అని మళ్ళీ అదే పద్యం చెబుతున్నాడు. చెయ్యి మీద తల పెట్టుకుని పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది చూడండి, ఆయన మనిషంతా అలా ఉన్నాడు. అక్క అన్న మాట నిజమేనా అని రోజూ ఒకసారి అడుగుతాడు తనని తాను. నిజమే అని జవాబు వస్తుంది. దానికి కూడా ఏమీ అనిపించదు.

శనివారం మధ్యాహ్నం రెండింటికి జానకిరామ్ వచ్చాడు. పాలకొల్లు బస్టాండు వెనక కార్ల షెడ్డు ఆయనది. యాభై దాటిన మనిషి. ఇంజను లోపలి సంగతులు పొడుగాటి స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుని వింటాడు, డాక్టరు గొట్టం పెట్టుకున్నంత శ్రద్ధగా. మాటలు కూడా డాక్టరుగారి కంటే ఎక్కువే.

"ఏంటండి మాస్టారూ, ఇలా చిక్కిపోయారు? అన్నం తింటున్నారాండి?"

"తింటున్నాను. దీన్ని ఎలాగైనా స్టార్ట్ చేసి మీ షెడ్డుకి తీసుకుపోండి జానకిరామ్ గారూ. సాయంత్రంలోపు ఇక్కడ ఉండకూడదు."

"తీసుకెళ్ళి ఏం చెయ్యమంటారండి?"

"ఎవరికైనా ఇచ్చెయ్యండి. నాకు చెప్పక్కర్లేదు."

జానకిరామ్ ఇంకేమీ అడగలేదు. ఐదు నెలలు పడున్న బ్యాటరీ ఎలాగూ చచ్చిపోయి ఉంటుందని, తను తెచ్చిన బ్యాటరీకి తీగలు తగిలించి తాళం తిప్పాడు. సెల్ఫ్ చక్కగా తిరిగింది. కిర్ర్ కిర్ర్ మని తిరుగుతూనే ఉంది, ఇంజను మాత్రం అందుకోవడం లేదు. మురళి ఆ చప్పుడు విని షెడ్డు రాటకి ఆనుకున్నాడు. ఆ పొద్దున తను పది నిమిషాల పాటు విన్న చప్పుడు అదే.

"బ్యాటరీ కాదండి, సెల్ఫ్ కాదండి," అన్నాడు జానకిరామ్ దిగొచ్చి. ప్లగ్గు ఒకటి విప్పి చూశాడు. "మెరుపొస్తోందండి. ఈ ప్లగ్గులు నేను మార్చినవే కదండీ. ఇక మిగిలింది పెట్రోలు. మాస్టారూ, మీరొకసారి తాళం ఆన్ చెయ్యండి. తిప్పొద్దు, ఆన్ చెయ్యండంతే."

మురళి డ్రైవరు సీట్లో కూర్చుని తాళం ఆన్ చేశాడు. జానకిరామ్ వెనక తలుపు తీసి, సీటు మీదకి వంగి, చెవి ఆనించాడు. వెనక సీటు కిందే ట్యాంకు, ట్యాంకులోనే పెట్రోలు పంపు. తాళం ఆన్ చెయ్యగానే రెండు సెకన్ల పాటు అది జుయ్యిమనాలి. ఏమీ అనలేదు. మురళి అద్దంలోంచి చూస్తున్నాడు. అమ్మ తల పెట్టిన చోటే ఆయన చెవి పెట్టాడు. చూసి ఊరుకున్నాడు.

"పంపు పలకట్లేదండి," అన్నాడు జానకిరామ్. ఫ్యూజు చూశాడు, బాగుంది. రిలే చూశాడు, బాగుంది. టెస్ట్ ల్యాంపు పట్టుకుని వైరు వెంట పడ్డాడు. ముందు వైపు ల్యాంపు వెలుగుతోంది, వెనక పంపు దగ్గర వెలగడం లేదు. "మధ్యలో ఎక్కడో తెగిందండి. ఎలకలు కొట్టేసుంటాయి. కొబ్బరితోటల్లో కార్లకి ఎలకల కంటే శత్రువు లేదండి."

ఎడమ పక్క ముందు తలుపు గుమ్మం పట్టీ ఊడదీసి, కాళ్ళ కింద చాప ఎత్తాడు. అక్కడ ఆగిపోయాడు. జానకిరామ్ మాట్లాడలేదంటే విశేషమే.

"ఎలక కాదండి," అన్నాడు చివరికి. "మనిషి కోశాడండి. కోసి, రెండు వైర్లు కలిపి ముందు సీటు కిందకి లాగాడు. మాస్టారూ, ఇక్కడ చెప్పులున్నాయి, తీసెయ్యనాండి?"

నీలం పట్టీల హవాయి చెప్పులు. మడమల దగ్గర అరిగిపోయి ఉన్నాయి. మురళి చెయ్యి చాపి అందుకున్నాడు. అమ్మ కారు చెప్పులు. చిట్టెమ్మ గారికి ఇంటికో జత, గుడికో జత, కారుకో జత. కారెక్కగానే మామూలు చెప్పులు విడిచి వీటిలో కాళ్ళు పెట్టేది. అంతకు ముందు వంగి, సీటు కింద చెయ్యి పెట్టి, వీటిని వెతికి తీసేది. దిగేముందు మళ్ళీ అలాగే వంగి లోపల పెట్టేది. రెండు చెప్పులు తియ్యడానికి అంతసేపేంటమ్మా అని మురళి వేళాకోళం చేసేవాడు.

సీటు కింద టిక్కుమని చప్పుడైంది. వెంటనే వెనక నుంచి సన్నగా, జుయ్యిమని.

జానకిరామ్ మోకాళ్ళ మీదే ఉండి అన్నాడు. "ఇప్పుడు తిప్పండి మాస్టారూ."

మురళి తాళం తిప్పాడు. ఒక్క పట్టుకి అందుకుంది. ఐదు నెలల పొగ షెడ్డు నిండా కమ్మింది. స్టార్టయింది, అనుకున్నాడు మురళి. అంతే అనుకున్నాడు. దిగి చెప్పులు పట్టుకుని నిలబడ్డాడు.

"సీక్రెట్ స్విచ్చండి," అన్నాడు జానకిరామ్ చేతులు తుడుచుకుంటూ. "దొంగల భయానికి పెట్టించుకుంటారు. ఇది నొక్కితేగాని పెట్రోలు రాదు. మీరు పెట్టించారాండి?"

"లేదు."

"మరెవరు పెట్టారండి? మా కారు మెకానిక్కులు మాత్రం కాదు, ఈ జాయింటు చూడండి. మేమైతే టేపు చుట్టి వదిలేస్తాం. ఇతను టేపు మీద నైలాన్ దారం బిగించి ముడేశాడు. వల దారమండి ఇది. సముద్రం దగ్గర ఉప్పుగాలికి టేపు జిగురు నిలవదని బోటింజన్ల వాళ్ళు ఇలా కడతారు. మీకు బోట్ల వాళ్ళెవరైనా తెలుసాండి?"

మురళికి తెలుసు. మొగల్తూరులో ఉంటూ రేవులో బోటింజన్లు బాగుచేసే మనిషి ఒక్కడే తెలుసు. అక్క మొగుడు, తాతాజీ బావ.

ఇక అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. కారు కొన్న నాలుగో నెలలో లాకుల దగ్గర మాస్టారు కారుని కాలవ గట్టు దింపేశాడు. ముందు చక్రాలు గుర్రపుడెక్కలో దిగబడ్డాయి. ఆ క్షణంలో ఆయన ఏం ఆలోచిస్తున్నాడయ్యా అంటే, ఒక పద్యంలో మూడో పాదం యతి సరిపోయిందా లేదా అని! పదో తరగతి పిల్లలు వచ్చి తోస్తే కారు గట్టెక్కింది. తడిసిన వైర్లు ఆరబెట్టి ఇస్తానని తాతాజీ కారుని మొగల్తూరు తీసుకెళ్ళి నాలుగు రోజులు ఉంచుకున్నాడు. ఆ తర్వాతే మొదలైంది స్టార్టింగ్ ట్రబులు. ఒంటరిగా వెళ్దామంటే కదలదు. అమ్మ వచ్చి పక్కన కూర్చుంటే కదులుతుంది. "నేనెక్కితేగాని నీ కారు కదలదురా అబ్బాయ్" అని ఆవిడ నవ్వేది. ఊళ్ళో కూడా ఆ మాట పాకిపోయింది. తెలుగు మాస్టారి కారుకి పెట్రోలు కాదు, వాళ్ళమ్మ కావాలట అని.

జానకిరామ్‌కి కూడా గుర్తొచ్చినట్టుంది. బ్యాటరీ పెట్టె మీద చతికిలబడ్డాడు. "నేను చూడ్డానికొచ్చినప్పుడు కూడా అమ్మగారు వచ్చి ఎక్కారు కదండీ. ఇట్టే స్టార్టయిపోయింది. నేను నవ్వేసి, ప్లగ్గులు మార్చి చక్కా పోయాను. మంచి ప్లగ్గులండి మాస్టారూ అవి. వాటికేమీ లేదండి. ఆ రోజు చాప ఎత్తి చూసుంటే అయిపోయేదండి."

మురళి వినడం లేదు. ఆయన వెనక సీటు వైపు చూస్తున్నాడు.

ఆ పొద్దున చిట్టెమ్మ గారి నోటి వెంట ముద్దగా వచ్చిన మాటల్లో అర్థమైంది ఒక్కటే. "కింద... కింద." బాగున్న ఎడమ చెయ్యి ముందుకి చాపి మరీ అంది. పెద్దవాళ్ళు పోయేముందు మంచం మీద ఉండకూడదు, కింద పెట్టాలి అనడం మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. మురళికీ తెలుసు. అమ్మకి తెలిసిపోయింది, తనని కింద పెట్టమంటోంది అనుకున్నాడు. పక్కింటి సంపూర్ణమ్మ గారు కూడా అదే అంది. "అడుగుతోంది కదా నాయనా, దించెయ్యి. ఆ కారులో పోకూడదు." అంతే, తాళం తిప్పడం మానేశాడు. చాచిన చేతిని పట్టుకున్నాడు. తల్లిని దించి, వాకిట్లో చాప పరిచి పడుకోబెట్టాడు. అప్పుడు కూడా ఆవిడ కళ్ళు కారు మీదే ఉన్నాయి. "కింద" అంటూనే ఉంది. కిందే ఉన్నావమ్మా, కిందే ఉన్నావు అని మురళి చెబుతూ కూర్చున్నాడు.

తర్వాత ఎంతమంది మెచ్చుకున్నారో! మహాతల్లి, తెలిసి వెళ్ళింది, అడిగి మరీ కిందకి దిగింది అన్నారు. ఈ ఐదు నెలలూ మాస్టారికి ఉన్న ఓదార్పు అదొక్కటే. కారు స్టార్ట్ చెయ్యలేకపోయినా, అమ్మ చివరి కోరిక తీర్చాననుకున్నాడు.

పంతొమ్మిదేళ్ళుగా ఏడో తరగతి పిల్లలకి ఆయన చెప్పే పాఠం ఒకటుంది. "కింద అనే మాట ఒంటరిగా నిలబడదర్రా. ఎవరైనా కింద అంటే, దేని కింద అని అడగాలి. బల్ల కింద, చెట్టు కింద. ముందు ఒక పేరుండాలి." ఇన్నేళ్ళలో ఎన్ని వందల మంది చేత చెప్పించాడో. ఆ పొద్దున తనొక్కడూ అడగలేదు.

సీటు కింద. ఆవిడ చెప్పింది అది.

ఏడుపు వస్తుందేమోనని మురళి కాసేపు చూశాడు. రాలేదు. చేతిలో చెప్పులు మాత్రం బరువుగా ఉన్నట్టు తోచింది.

అప్పుడే గేటు దగ్గర మోటారు సైకిలు ఆగింది. తాతాజీ. కారు పోయిందో లేదో చూసి ఫోన్ చెయ్యమని భార్య ముందుగా పంపింది. ఆయన నవ్వుతూనే గేటు తీశాడు. ఇంజను చప్పుడు విని నవ్వు ఆపేశాడు. జానకిరామ్ ఇద్దరి ముఖాలూ చూసి, చేతులు కడుక్కొస్తానండి అని పెరట్లో బోరింగు దగ్గరకి వెళ్ళిపోయాడు. ఈ లోకంలో మర్యాద ఇంకా అక్కడక్కడా మిగిలి ఉంది.

"స్టార్టయిందే," అన్నాడు తాతాజీ.

"స్విచ్చు దొరికింది బావా."

తాతాజీ కారు వైపు చూడలేదు. మురళి చేతిలో చెప్పుల వైపు చూశాడు. జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"అత్తయ్యగారే పెట్టమన్నారు మురళీ," అన్నాడు. "వాడు పద్యాలు చెప్పుకుంటూ కారు తోలతాడు తాతాజీ, నేను పక్కన లేకుండా అది కదలకుండా చెయ్యి అన్నారు. నీకు గాని మీ అక్కకి గాని చెప్పనని ఒట్టేయించుకున్నారు. అదేం పెద్ద పని! గంటలో అయిపోయింది. నేను కూడా నవ్వుకున్నాను, ముసలమ్మ తెలివే తెలివి అని."

"ఆ రోజు..."

"ఆ రోజు నేను బోటు మీద ఉన్నాను. ఒడ్డుకొచ్చాకే ఫోన్ మోగింది. మీ అక్క ఏడుస్తోంది, కారు స్టార్ట్ కాలేదంట, అమ్మ పోయిందంట అని. నాకక్కడే తెలిసిపోయింది, స్విచ్చేనని."

"నాకు చెప్పొచ్చు కదా."

"చెబుదామనే వచ్చాను. వస్తే సంపూర్ణమ్మ గారు, కింద పెట్టమని అడిగి మరీ పోయిందని అందరికీ చెబుతున్నారు. అప్పుడు తెలిసింది నాకు, ఆవిడ ఏం అడిగారో. ఎలా చెప్పను మురళీ? ఏమని చెప్పను?"

అంటే బావకి మొదటి రోజు నుంచీ తెలుసు. పదకొండో రోజున అక్క ఆ మాట అన్నప్పుడు ఈయన ఆవిడ పక్కనే, విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. తలొంచుకుని అన్నం కలుపుకున్నాడు. మురళి కోపం కోసం లోపలంతా వెతికాడు. ఉండాలి, ఇక్కడెక్కడో ఉండాలి. దొరకలేదు. ఈ మనిషి ఐదు నెలలుగా నిద్రపోయి ఉండడని మాత్రం తెలిసింది. కళ్ళ కింద చర్మం సంచుల్లా వేలాడుతోంది.

"అక్క నన్ను అంత మాటంటుంటే ఊరుకున్నావు బావా."

"ఊరుకున్నాను. నాది తప్పే, కాదనను. నోరు తెరిస్తే, మీ అమ్మని చంపిన వైరు కట్టింది నేనేనని మీ అక్కకి తెలుస్తుంది. ఇరవై రెండేళ్ళ కాపురం మురళీ." తాతాజీ దగ్గరకొచ్చి మురళి మోచెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు తమ్ముడివి. ఎప్పటికైనా క్షమిస్తుంది, రక్తసంబంధం. నన్ను క్షమించదు. దాని సంగతి నీకు తెలుసు కదా. జానకిరామ్‌ని తీసుకుపొమ్మందాం, ఇప్పుడే. కారు వెళ్ళిపోతే అన్నీ వెళ్ళిపోతాయి."

వెళ్ళిపోతాయా? మురళి ఆలోచించాడు. చెబితే అక్క తనతో మాట్లాడుతుంది. అమ్మని చంపింది తను కాదని తెలుస్తుంది. కానీ స్విచ్చు సంగతి చెప్పాలంటే "కింద" సంగతీ చెప్పాలి. అమ్మ దారి చూపిస్తుంటే ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నదెవరో కూడా చెప్పాలి. చెప్పకపోతే బావ కాపురం ఉంటుంది, అమ్మ మహాతల్లిగానే ఉంటుంది, తను మాత్రం కారు స్టార్ట్ చెయ్యడం చేతకానివాడిగా మిగిలిపోతాడు. అదేమంత కష్టం కాదు, అలవాటయింది.

"జానకిరామ్ గారూ," అని పిలిచాడు. "తీసుకెళ్ళండి."

తాతాజీ ఊపిరి వదిలాడు.

జానకిరామ్ వచ్చి స్టీరింగు ముందు కూర్చుని కారు వెనక్కి తీశాడు. సరిగ్గా గేటు వరకూ వచ్చి బ్రేకు వేశాడు. గేటుకి అడ్డంగా ఆటో ఆగి ఉంది. దుర్గాశ్రీకి మొదటి నుంచీ ఓపిక తక్కువ. మొగుడు ఫోన్ చేసేదాకా ఆగుతుందని ఎలా అనుకున్నారో ఈ ఇద్దరూ!

కారు కనపడితే వెనక్కి తిరిగిపోతానన్న మనిషి, ఆటో దిగింది. మెల్లిగా నడిచొచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. ఇంజను ఆ చేతి కింద ఆడుతోంది. కారుని చూసింది, మొగుణ్ణి చూసింది, తర్వాత తమ్ముణ్ణి చూసింది. ఐదు నెలల తర్వాత మొదటిసారి నేరుగా అతని ముఖంలోకి.

"ఎలా స్టార్టయిందిరా?"

తిట్టు కాదు. మామూలుగా అడిగింది, చిన్నప్పుడు లెక్క ఎలా చేశావురా అని అడిగినట్టు. ఆ "రా" మురళి చెవిన పడింది. చెబుదామని అనుకోలేదు. నోరే అనేసింది.

"అమ్మ చెప్పిందక్కా."

"అమ్మా? ఎప్పుడు?"

"ఆ రోజే, కారులోనే. నాకే అర్థం కాలేదు."

ఇన్నాళ్ళూ రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి, అడగకుండా. మురళి చెప్పులు గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. దుర్గాశ్రీ ఆ చెప్పుల్ని గుర్తుపట్టింది. ఆవిడ వెనక నిలబడ్డ తాతాజీ, భార్యకి కనపడకుండా, బావమరిదికి రెండు చేతులూ జోడించాడు.

దుర్గాశ్రీ ఒక అడుగు ముందుకి వేసింది.

"చెప్పరా. ఏం చెప్పింది అమ్మ?"